టెక్స్‌టైల్ డిజైన్ చదవాలంటే ఎక్కడ చేరాలి: వరంగల్ విద్యార్థుల కోసం ఒక పోలిక

ప్రతి ఏడాది ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం పది రోజుల్లో హన్మకొండ, కాజీపేట, నర్సంపేట, పరకాల వైపు నుంచి కొందరు పిల్లలు తల్లిదండ్రులను వెంటబెట్టుకొని నా దగ్గరికి వస్తారు. నేను వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు (నేల మీద పరిచే మందపాటి నూలు నేతలు) నేసే ఇంట్లో పుట్టి, టెక్స్‌టైల్ డిజైన్ చదివి, అదే పనిలో ఉన్నాను కాబట్టి దారి చెప్పగలనని వాళ్ల నమ్మకం. అయితే వచ్చినవాళ్లలో ఎక్కువమంది అప్పటికే ఆలస్యం చేసి ఉంటారు. డిజైన్ విద్యాసంస్థల ప్రవేశ పరీక్షలకు దరఖాస్తులు చలికాలంలోనే, అంటే ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండగానే తీసుకుంటారు. ఫలితాలు వచ్చేనాటికి ఆ పరీక్షలు జరిగిపోయి ఉంటాయి. అందుకే ఈ పోలికను ఇప్పుడే, పిల్లలు ఇంకా చదువుతూ ఉన్నప్పుడే రాస్తున్నాను.

ఏ కళాశాల మంచిదని అడిగేముందు, మీరు చదవాలనుకుంటున్నది నిజంగా ఏమిటో తేల్చుకోవాలి. మన ఊరి జంపఖానానే ఉదాహరణగా తీసుకుందాం. దాని మీద ఏ ఆకారం రావాలి, ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలి, నూలు ఎంత లావు ఉండాలి, నేత ఏ పద్ధతిలో సాగాలి అని నిర్ణయించేది టెక్స్‌టైల్ డిజైన్. ఆ నూలు ఏ పత్తి నుంచి ఎలా వస్తుంది, ఎంత లాగితే తెగుతుంది, ఏ రసాయనంతో రంగు పట్టుతుంది, ఉతికితే ఎంత వెలుస్తుంది అని లెక్కగట్టేది టెక్స్‌టైల్ టెక్నాలజీ. సిద్ధమైన బట్టను ఒంటికి తగినట్టు కత్తిరించి కుట్టే రూపాన్ని ఊహించేది ఫ్యాషన్ డిజైన్. వేల సంఖ్యలో చొక్కాలు ఒకే కొలతతో, అనుకున్న రోజుకు, అనుకున్న ఖర్చులో తయారయ్యేలా చూసేది దుస్తుల ఉత్పత్తి చదువు. ఈ నాలుగూ ఒకే బట్ట చుట్టూ తిరిగినా, చదివే పుస్తకాలు వేరు, చేసే కొలువులు వేరు. ఫ్యాషన్ మీద మనసున్న అమ్మాయి టెక్స్‌టైల్ డిజైన్‌లో చేరి పడుగు (మగ్గం మీద నిలువుగా సాగే పోగులు) లెక్కల మధ్య విసిగిపోవడమూ, రంగులంటే ప్రాణమిచ్చే అబ్బాయి టెక్నాలజీలో చేరి నాలుగేళ్లూ యంత్రాల పటాలు గీయడమూ నేను కళ్లారా చూశాను.

మగ్గం మీద గడిపే సమయం

ఇక కళాశాలలను పోల్చడానికి నేను వాడే కొలబద్ద ఒకటే ఉంది: చదువు పూర్తయ్యేలోపు విద్యార్థి తన చేతులతో మగ్గం మీద ఎన్ని గంటలు గడుపుతాడు అన్నది. ఇది పాతకాలపు పట్టుదల కాదు. నేను మొదట చేరిన ఒక ప్రైవేటు కళాశాలలో ఒక్కటంటే ఒక్క మగ్గం ఉండేది, దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఉండేది. ఏడాది మొత్తంలో ముగ్గురం కలిసి మూరెడు బట్ట కూడా నేయలేదు. కంప్యూటర్ తెర మీద మాత్రం వందల నమూనాలు గీశాం. ఆ నమూనాల్లో ఒకటి సెలవుల్లో ఇంటికి తెచ్చి చూపిస్తే, మా నాయన దాన్ని చాలాసేపు చూసి, దీన్ని నేయడానికి పోగు ఎటు తిరగాలో చెప్పమని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మరుసటి ఏడాది ఆ కళాశాల వదిలి, మళ్లీ పరీక్ష రాసి మరోచోట చేరాను.

ఆయన ప్రశ్న ఎంత సూటిదో నేత నేర్చుకుంటేనే అర్థమవుతుంది. జంపఖానాలో పేక, అంటే అడ్డంగా వేసే పోగు, పడుగును పూర్తిగా కప్పేస్తుంది. కంటికి కనిపించే రంగంతా పేకదే. కాబట్టి కాగితం మీద నున్నగా గీసిన వంపు గీత నేతలోకి వచ్చేసరికి మెట్లు మెట్లుగా మారుతుంది. రెండు రంగులు నిలువుగా కలిసే చోట పోగులను ఒకదానిలో ఒకటి మెలివేయకపోతే అక్కడ సందు పడుతుంది. మామూలు చీర నేతలో అయితే పడుగు, పేక రెండూ కనిపిస్తాయి కనుక, ఎరుపు పడుగు మీద ఆకుపచ్చ పేక వేస్తే కాగితం మీద ఊహించిన మెరుపుకు బదులు మట్టిరంగు వచ్చి కూర్చుంటుంది. లెక్క విషయానికి వస్తే, అంగుళానికి 60 పోగుల చొప్పున 48 అంగుళాల పన్నాకు (బట్ట వెడల్పుకు) 2,880 పడుగు పోగులు కావాలి. మీ నమూనా 120 పోగులకు ఒకసారి తిరిగి మొదలయ్యేదైతే సరిగ్గా 24 సార్లు వస్తుంది; అదే 130 పోగులదైతే 22 సార్లు వచ్చాక 20 పోగులు మిగిలి, అంచు దగ్గర పువ్వు సగంలో తెగిపోతుంది. ఇలాంటి పొరపాటును తెర క్షమిస్తుంది, మగ్గం క్షమించదు. పోగు తెగి, పన్నెలో (పడుగు పోగులను వరుసగా పట్టి ఉంచే దువ్వెన లాంటి భాగంలో) మళ్లీ దూర్చుకొని, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్న విద్యార్థి ఈ లెక్కను జన్మలో మరచిపోడు.

నిఫ్ట్, ఎన్ఐడి

మన ప్రాంతం నుంచి ఎక్కువమంది ముందుగా తలచుకునేది నిఫ్ట్, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ. 1986లో ఢిల్లీలో మొదలైన ఈ కేంద్ర సంస్థకు హైదరాబాద్ మాదాపూర్‌లో 1995 నుంచి ప్రాంగణం ఉంది. ఇక్కడ టెక్స్‌టైల్ డిజైన్‌లో నాలుగేళ్ల బీడిజైన్ ఉంది. మొదటి ఏడాది అన్ని విభాగాల వారికీ ఉమ్మడి పునాది పాఠాలు, ఆ తర్వాత నేత, అచ్చు, అద్దకం, ఎంబ్రాయిడరీ, కంప్యూటర్ డిజైన్ వరుసగా వస్తాయి. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా అర్హులే; ఆర్ట్స్ పిల్లలకు ఇది పెద్ద ఊరట. ప్రవేశానికి బొమ్మలు గీసే సృజన పరీక్ష, సాధారణ సామర్థ్య పరీక్ష, ఇచ్చిన వస్తువులతో అప్పటికప్పుడు ఒక నమూనా తయారుచేసే పరీక్ష ఉంటాయి. వీటికి 50, 30, 20 శాతం చొప్పున విలువనిచ్చే పద్ధతి చాలాకాలంగా నడుస్తోంది. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీలలో ఉంటుంది తప్ప తెలుగులో ఉండదు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఈ విషయాన్ని ముందే తెలుసుకొని కనీసం ఏడాదిపాటు ఇంగ్లిష్ పత్రికలు చదివే అలవాటు చేసుకోవాలి. బొమ్మలు బాగా గీసినా, ప్రశ్న అర్థం చేసుకోవడంలో తడబడి సీటు పోగొట్టుకున్న పిల్లలున్నారు, వాళ్ల బాధ నాకు తెలుసు.

నిఫ్ట్‌లో నాకు నచ్చిన అంశం, విద్యార్థులను చేనేత, హస్తకళల ఊళ్లకు పంపి అక్కడ ఉండి పరిశీలించేలా చేయడం. పోచంపల్లిలోనో పుట్టపాకలోనో ఉన్న కొద్దిరోజుల్లోనే విద్యార్థి చూపు మారుతుంది. ఇంకొక సంగతి మన నేత కుటుంబాలకు చాలామందికి తెలియదు: చేనేత, హస్తకళల గుర్తింపు కార్డు ఉన్న కళాకారులకూ వారి పిల్లలకూ నిఫ్ట్ ప్రత్యేక ప్రవేశ మార్గం ఏర్పాటు చేసింది. ఇంట్లో కార్డు అల్మారాలో పడి ఉండి, ఆ మార్గం ఉందన్న సంగతి తెలియక పిల్లలు దూరమవడం నన్ను ఎంతో కలచివేస్తుంది. దరఖాస్తు చేసే ఏడాది ప్రకటనలో ఆ నిబంధనలను తప్పకుండా చదవండి. ఖర్చు మాత్రం తేలిక కాదు. నాలుగేళ్ల ఫీజు లక్షల్లో ఉంటుంది, దానికి హాస్టల్, నూలు, రంగులు, కంప్యూటర్ తోడవుతాయి. తక్కువ ఆదాయం గల కుటుంబాలకు సంస్థ ఇచ్చే ఆర్థిక సహాయం గురించి చేరేముందే విచారించాలి.

ఎన్ఐడి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) దారి వేరు. 1961లో అహ్మదాబాద్‌లో ఏర్పడిన ఈ సంస్థలో టెక్స్‌టైల్ డిజైన్ విభాగానికి దేశవ్యాప్తంగా గొప్ప పేరుంది. సీట్లు బాగా తక్కువ, పరీక్ష రెండు దశల్లో జరుగుతుంది. రెండో దశలో చేతులతో చేసి చూపించవలసిన స్టూడియో పరీక్ష ఉంటుంది. 2015లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఎన్ఐడిలో టెక్స్‌టైల్, దుస్తుల డిజైన్ కలిపి ఒక విభాగంగా నడుస్తుంది. దూరం సంగతి చూస్తే, వరంగల్ స్టేషన్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బండి మారకుండా అహ్మదాబాద్ చేరవచ్చు, కానీ దాదాపు ఒక రోజు ప్రయాణం. ఆంధ్ర ఎన్ఐడికైతే విజయవాడ దాకా నేరుగా రైలు ఉంది, పండుగకు ఇంటికి వచ్చి వెళ్లగలిగేంత దూరమే.

ఈ రెండింటిలో ఏది అని అడిగితే, కొలువు త్వరగా చేతికి రావాలి, పెద్ద ఎగుమతి సంస్థల పనితీరు తెలియాలి అనుకునేవారికి నిఫ్ట్ అని చెబుతాను. ఒకే విషయాన్ని నెలల తరబడి తవ్వగలిగే ఓపిక, ఇది ఎందుకు ఇలా ఉంది అని పదేపదే అడిగే గుణం ఉన్నవారికి ఎన్ఐడి సరిపోతుంది. ఎన్ఐడి కోసం ఒక ఏడాది ఆగడం తప్పేమీ కాదు, కానీ ఆ ఏడాది కోచింగ్ గదిలో కాకుండా గీయడంలో, నేయడంలో గడవాలి. రెండేళ్లు ఆగడాన్ని మాత్రం నేను సమర్థించను.

ఎంపీసీ చదివినవారికి ఒక మంచి దారి

హన్మకొండలోని కార్పొరేట్ కళాశాలల్లో ఎంపీసీ చదివే వేలమంది పిల్లలకు, ఉస్మానియా విశ్వవిద్యాలయ సాంకేతిక కళాశాలలో టెక్స్‌టైల్ టెక్నాలజీ బీటెక్ ఉందన్న సంగతే తెలియదు. పత్తికి ఇంత పేరున్న జిల్లాలో, ఏనుమాముల మార్కెట్ పక్కన పెరిగిన పిల్లలకు ఇది తెలియకపోవడం విచారకరం. మన వరంగల్ ఎన్ఐటీలో జౌళి శాఖ లేదు కనుక దీనికి హైదరాబాద్ వెళ్లక తప్పదు. ప్రవేశం ఎప్‌సెట్ ద్వారా. ప్రశ్నపత్రంలో ఇంగ్లిష్ పక్కనే తెలుగు ఉంటుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాల కావడం వల్ల ఫీజు భారం డిజైన్ సంస్థలతో పోలిస్తే చాలా తక్కువ, అర్హత ఉన్నవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది.

ఇక్కడ నేర్పేది పీచు, నూలు, నేత యంత్రాలు, రసాయన శుద్ధి, రంగు, నాణ్యత పరీక్షలు. బొమ్మ గీయడం పెద్దగా ఉండదు. అయినా దీన్ని డిజైన్ పోలికలో చేర్చడానికి కారణం ఉంది. బట్ట లోపలి సంగతి తెలిసినవారు తర్వాత నిఫ్ట్‌లోనో ఎన్ఐడిలోనో పీజీ డిజైన్ చదివితే, ఆ రెండు జ్ఞానాలూ కలిసి వాళ్లను ఎంతో బలమైన డిజైనర్లుగా నిలబెడతాయి. ఇంట్లో డబ్బు తక్కువగా ఉండి, లెక్కలు బాగా వచ్చి, డిజైన్ మీద కూడా కోరిక ఉన్న పిల్లలకు నేను ముందుగా చెప్పే దారి ఇదే. నాలుగేళ్లు తక్కువ ఖర్చుతో గడిచిపోతాయి, మధ్యలో మనసు మారినా చేతిలో ఇంజినీరింగ్ పట్టా ఉంటుంది.

నేత ఇళ్ల పిల్లలకు

పదో తరగతి పూర్తి చేసిన పిల్లలకు ఐఐహెచ్‌టి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హ్యాండ్‌లూమ్ టెక్నాలజీ) ఉంది. చేనేత, టెక్స్‌టైల్ టెక్నాలజీలో మూడేళ్ల డిప్లొమా ఇచ్చే ఈ సంస్థల కోసం మన పిల్లలు ఇన్నాళ్లూ వెంకటగిరికో, ఒడిశాలోని బర్గఢ్‌కో వెళ్లేవారు. 2024లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట హైదరాబాద్‌లోనే ఐఐహెచ్‌టి మొదలైంది. విద్యార్థులకు నెలసరి ఉపకార వేతనం కూడా ఉంటుంది కాబట్టి పేద కుటుంబాలకు ఇది భారం కాదు. సేలంలోని ఐఐహెచ్‌టిలో ఇదే రంగంలో బీటెక్ కూడా ఉంది.

నా కొలబద్దతో చూస్తే ఐఐహెచ్‌టి అన్నింటికంటే ముందుంటుంది. ఇక్కడి చదువే మగ్గం. కండె చుట్టడం, పడుగు సిద్ధం చేయడం, మగ్గానికి డాబీ, జకార్డ్ (నమూనా ప్రకారం పడుగు పోగులను ఎత్తే పరికరాలు) అమర్చడం, రంగు కలపడం విద్యార్థి స్వయంగా చేస్తాడు. లోటు కూడా చెప్పాలి: మార్కెట్‌ను చదవడం, కొత్త నమూనాను ఊహించి ఒక వరుసగా తీర్చిదిద్దడం, కొనుగోలుదారుకు వివరించడం వంటి వాటిలో డిజైన్ సంస్థలు ఇచ్చేంత శిక్షణ ఈ డిప్లొమాలో దొరకదు. అందువల్ల దీన్ని చివరి మెట్టుగా కాకుండా మొదటి మెట్టుగా తీసుకొమ్మని సలహా ఇస్తాను.

కొత్తవాడలో, సిరిసిల్లలో, మహదేవపూర్ పట్టు నేత ఇళ్లలో తల్లిదండ్రులు ఈ మాట వినగానే ముఖం మాడ్చుకుంటారు. మేం పడ్డ కష్టం చాలదా, మళ్లీ మగ్గమేనా అంటారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. 1934లో వచ్చిన ఆజంజాహీ మిల్లు 1990లో మూతబడ్డాక ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో చూసిన తరం అది. నేను వాళ్లతో వాదించను. చింతకింది మల్లేశం గారి సంగతి మాత్రం చెబుతాను. పోచంపల్లి పద్ధతి చీర కోసం ఆసు పోయడంలో, అంటే మేకుల చుట్టూ పోగును తిప్పి పేర్చడంలో, ఒక్క చీరకే చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పవలసి వచ్చేది. తల్లి భుజాల నొప్పి చూడలేక ఆయన ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆరో తరగతితో చదువు ఆగిన మనిషికి అది సాధ్యమైందంటే, నొప్పి ఎక్కడ ఉందో ఆయనకు ఇంట్లోనే తెలియడమే కారణం. నేత ఇంటి పిల్లలకు ఆ ఎరుక పుట్టుకతోనే ఉంటుంది, డిజైన్ చదువు దానికి తోడైతే వాళ్లు చేయగలిగే మేలు బయటివారు చేయలేరు.

ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల కమ్యూనిటీ సైన్స్ డిగ్రీ కూడా కొందరికి తగినదే. అందులో వస్త్రాలు, దుస్తులు ఒక భాగం మాత్రమే, పోషకాహారం, శిశు వికాసం వంటివి కూడా చదవాలి; పీజీలో దుస్తులు, టెక్స్‌టైల్స్ ప్రత్యేకంగా తీసుకోవచ్చు. బోధన, పరిశోధన వైపు వెళ్లాలనుకునేవారికి నప్పుతుంది. చిత్రకళ నుంచి రావాలనుకునేవారికి కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో టెక్స్‌టైల్ డిజైన్‌లో బీఎఫ్ఏ (లలిత కళల డిగ్రీ) ఉంది.

కొలువుల గురించి ఒక మాట

కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వచ్చింది కదా, టెక్స్‌టైల్ డిజైన్ చదివితే గీసుకొండలోనే ఉద్యోగం వస్తుంది కదా అని చాలామంది అంటున్నారు. ఈ ఆశను కాస్త సరిచేయాలి. 2017లో శంకుస్థాపన జరిగిన ఆ పార్కులో కైటెక్స్ పిల్లల దుస్తులు, యంగ్‌వన్ క్రీడా దుస్తులు, గణేశా ఎకోస్పియర్ వాడిన ప్లాస్టిక్ సీసాల నుంచి పీచు తయారీ రంగాలకు చెందిన సంస్థలు. ఇలాంటి కర్మాగారాలకు ఎక్కువగా కావలసింది కుట్టు, ఉత్పత్తి ప్రణాళిక, నాణ్యత, ప్రయోగశాల పనులు తెలిసినవారు. అంటే అక్కడ ఉద్యోగమే లక్ష్యమైతే టెక్స్‌టైల్ టెక్నాలజీ లేదా దుస్తుల ఉత్పత్తి చదువు నేరుగా పనికివస్తుంది. టెక్స్‌టైల్ డిజైనర్‌కు కొలువులు ప్రధానంగా పెద్ద నగరాల్లోని గృహవస్త్ర సంస్థల్లో, అచ్చు స్టూడియోలలో, చేనేత సంస్థలతో కలిసి పనిచేసే చోట దొరుకుతాయి. సొంత ఊళ్లో ఉండాలనుకుంటే సొంతంగా నిలబడాలి. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 1851 లండన్ మహా ప్రదర్శనలోనే మన తివాచీలు పెట్టారు. కానీ నేటి ఇళ్ల గదుల కొలతలకు, నేటి రంగుల అభిరుచికి తగిన కొత్త నమూనాలు గీసి, నేతకారుడికి గిట్టుబాటయ్యేలా లెక్కగట్టి ఇచ్చే చదువుకున్న చేతులు ఇక్కడ బాగా తక్కువ. ఆ పనిలో మొదటి రెండు మూడేళ్లు ఆదాయం నిలకడగా ఉండదు. విద్యారుణం తీసుకొని చదివినవారు చదువు పూర్తయిన వెంటనే ఈ దారి పట్టకుండా, కొంతకాలం జీతం చేసి అప్పు తీర్చుకున్నాక రావడం క్షేమం.

దరఖాస్తు పెట్టేముందు దసరా సెలవుల్లో పది రోజులు కొత్తవాడలో ఒక మగ్గం దగ్గర కూర్చోవడానికి అనుమతి అడగండి. పనికి అడ్డు రాకుండా ఒక మూల కూర్చొని, ఒక జంపఖానా మొదలైనప్పటి నుంచి దించేదాకా రోజూ ఏం జరిగిందో గీసి రాసుకోండి. పదో రోజుకూ ఆసక్తి తగ్గకపోతే డిజైన్ దారి మీదే. బట్ట కంటే మగ్గం కదలిక మీద, మోకుల బిగింపు మీద కళ్లు నిలిచిపోతే టెక్నాలజీ గురించి ఆలోచించండి. ఆ నోటు పుస్తకం తర్వాత ఇంటర్వ్యూలో, పోర్ట్‌ఫోలియోలో కూడా ఉపయోగపడుతుంది.

ప్రైవేటు కళాశాలలను గురించి విడివిడిగా మంచి చెడులు చెప్పను. ఫీజు కట్టేముందు మాత్రం ఒకసారి వెళ్లి నేత గది చూపించమనండి. పట్టాను ఏ విశ్వవిద్యాలయం ఇస్తుందో కాగితం మీద చూపించమనండి. ఎన్ని మగ్గాలు ఉన్నాయి, ఎంతమంది విద్యార్థులకు, వారానికి ఎన్ని గంటలు కేటాయిస్తారో అడిగి రాసుకోండి. పన్నె మీద దుమ్ము ఉందా, సగం నేసిన బట్ట ఉందా, పక్కన నూలు చుట్టిన కండెలు ఉన్నాయా చూడండి. సగం నేసిన బట్ట ఉంటే, అది ఏ విద్యార్థిదో అడిగి, వీలైతే ఆ విద్యార్థితోనే ఐదు నిమిషాలు మాట్లాడి రండి.